అడవి రాజుగారి కోడలు

ముందే చెప్తున్నా, మధ్యలో నవ్వారంటే టీ కూడా పొయ్యను. మొన్న ఆదివారం మా మామగారి పరువు కాపాడబోయి నా పరువు నేనే తీసుకున్నాను. అదీ ఎక్కడో సముద్రం అవతల నుంచి వచ్చిన పిల్ల ముందు!

నేను రోజూ తెనాలి నుంచి బాపట్ల రైల్లో వెళ్ళి కాలేజీలో ఇంగ్లీషు చెప్పి వస్తాను కదా. ఆ రైల్లోనే నీమా పరిచయమైంది. టాంజానియా అమ్మాయి. బాపట్లలో వ్యవసాయం చదువుతోంది. అమృతలూరు వైపు పొలాల్లో మట్టి శాంపిల్స్ తీసుకోవడానికి అప్పుడప్పుడు తెనాలి వస్తుంటుంది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే, మీకోసం తెలుగులో చెప్తున్నా. తనకొచ్చిన తెలుగు నాలుగు ముక్కలు: అక్కా, చాలు, బాగుంది, అమ్మో కారం.

పరిచయమైన రోజే ఒక గొడవ. నిడుబ్రోలులో ఎక్కిన ఒకావిడ మా ఎదురుగా కూర్చుని, నీమాని వదిలేసి నన్నడిగింది: "ఆ సన్న జడలు సొంత జుట్టేనా, అడగమ్మా?" అడగడమే కాదు, పట్టుకుని చూద్దామని చెయ్యి కూడా చాపింది. నాకు ఒళ్ళు మండింది. "మీ జుట్టు ఎవరైనా అలా పట్టుకు చూస్తే ఊరుకుంటారా అండీ? రంగు వేరు, జుట్టు వేరు అని మనిషిని బొమ్మలా చూస్తారా? ఎంత తప్పు!" అని క్లాసు పీకడం మొదలుపెట్టాను. పాపం ఆవిడ బాపట్ల దాకా టికెట్టు పెట్టుకుని అప్పికట్లలోనే దిగిపోయింది.

నీమా "థ్యాంక్యూ అక్కా" అంది. అంతే, నేను గాల్లో తేలిపోయాను. ఆ ఊపులోనే, "ఆదివారం మా చర్చికి రా, భోజనం మా ఇంట్లో" అని పిలిచేశాను.

ఇంటికొచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది. అమ్మో, మామగారు!

మా మామగారు రిటైరైన లెక్కల మాస్టారు. కానీ ఎవరన్నా అడిగితే ఆ మాట చెప్పరు, "ఆర్టిస్టుని" అంటారు. తెనాలి మనిషి కదా, కుర్రతనం నుంచీ నాటకాల పిచ్చి. చాలా ఏళ్ళ కిందట, ఊరి కేబుల్ టీవీలు జోరుగా నడిచిన రోజుల్లో, ఎవరో పండక్కి ఒక కామెడీ నాటిక తీశారు. మన తెనాలి కుర్రాడు ఆఫ్రికా అడవిలో తప్పిపోతే అక్కడి రాజు వాణ్ణి పట్టుకుని అల్లుణ్ణి చేసుకుంటాడు. ఆ రాజు మా మామగారే! ఒళ్ళంతా బొగ్గుపొడి, కొబ్బరినూనె. నడుముకి ఆకులు, మెళ్ళో ఎముకలు. ఆఫ్రికా అడవి ఏమో రేపల్లె దగ్గర ఒక అరటితోట. మామగారు ఈటె పట్టుకుని గంతులేస్తుంటే వెనకాల ఒక గేదె తీరిగ్గా నడుచుకుంటూ పోతుంది.

ఆ వీడియో ఆయన ప్రాణం. పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. మా ఇంటికొచ్చిన ఏ మనిషీ దాన్ని చూడకుండా బయటపడలేదు. గ్యాస్ బండ వేసేవాళ్ళూ చూశారు, పాస్టరుగారూ చూశారు. ఇప్పుడు నీమా వస్తోంది! రైల్లో అంత ఉపన్యాసం దంచిన నేను ఇంట్లో అడవి రాజుని పెట్టుకున్నానని తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

మా ఆయన చీరాల్లో పెళ్ళికి వెళ్తూ, "పిలిచింది నువ్వు, చూసుకునేదీ నువ్వే" అని తప్పుకున్నారు.

సరే, బుర్ర వాడాను. పెన్‌డ్రైవ్ తీసి బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను. ఆదివారం పొద్దున్నే మామగారితో, "వదిన మిమ్మల్ని ఒకటే తలుచుకుంటోందండి. ఓసారి వెళ్ళి రాకూడదూ?" అన్నాను. వదినంటే మా ఆయన అక్క, రేపల్లెలో ఉంటుంది. కూతురు తలుచుకుంటోందంటే ఏ తండ్రి ఆగుతాడు? ఇస్త్రీ చొక్కా వేసుకుని రేపల్లె రైలెక్కేశారు. నేను ఆరాధనలో కూర్చుని, అబద్ధమాడినందుకు క్షమించమనీ, ఆ అబద్ధం నిలబడేలా చూడమనీ ఒకే ప్రార్థనలో అడిగాను.

నీమాని తీసుకుని ఇంటికొచ్చాను. పప్పుచారు, వంకాయ కూర, కోడి వేపుడు. విస్తరి వెయ్యబోతున్నానో లేదో, బయట ఆటో ఆగింది. మామగారు! ఒక చేతిలో రేపల్లె రొయ్యల సంచి, ఇంకో చేతిలో ఫోను.

"ఏమ్మాయ్, ఇంటికి విదేశం నుంచి చుట్టం వస్తుంటే ఇంటి పెద్దని రేపల్లె పంపిస్తావా? మీ వదిన చెప్పకపోతే నాకు తెలిసేదా?"

వదినకి నేనే ఫోన్లో చెప్పాను, ఆఫ్రికా అమ్మాయి భోజనానికి వస్తోందని. ఆ సంగతి మర్చిపోయి ఆయన్ని తీసుకెళ్ళి సరిగ్గా ఆవిడ దగ్గరికే పంపాను. నాలాంటి తెలివైనవాళ్ళు జిల్లాకొకరుంటారు.

అంతటితో అయిందా! "ఇక పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేదు, మీ వదిన తన దగ్గరున్న కాపీని ఫోన్లోకి ఎక్కించి టీవీలో వేసుకోవడం నేర్పింది" అన్నారు ఫోను ఊపుతూ.

భోజనాల దగ్గర మొదలైంది. మధ్యలో అటూ ఇటూ మాటలు చేరవెయ్యాల్సింది నేనే.

"అమ్మాయ్, నేను వాళ్ళ రాజు వేషం వేశానని చెప్పు."

"మామగారు మంచి నటులు, రాజు వేషాలు వేసేవారు" అని నీమాకి చెప్పాను.

"అబ్బ! ఏ రాజు?" అంది.

"ఏమంటోంది?" అన్నారు మామగారు.

"ఏ రాజు అని అడుగుతోందండి."

"ఆఫ్రికా రాజని చెప్పు!"

"పురాణాల్లో రాజు" అని చెప్పాను.

ఆయన జన్మంతా లెక్కల మాస్టారు. పిల్లలు స్టెప్పు ఎగ్గొడితే పట్టేయడం అలవాటు. "నువ్వు ఆఫ్రికా అనలేదే!" అన్నారు. ఆ మాట తెలుగులో అన్నా ఇంగ్లీషులో అన్నా ఒకటే కదా? నీమా చటుక్కున తలెత్తింది. "ఆఫ్రికానా? ఆయన ఆఫ్రికా రాజుగా వేశారా? అక్కా, నేను చూడాలి!"

నేను గొప్పగా చెప్పేసరికి ఆ పిల్ల ఏ కిరీటాలో సింహాసనాలో ఊహించుకుంది మరి.

మామగారు చెయ్యి కడుక్కుని టీవీ ముందు చేరారు. ఇక దారి లేదు. "ఒక్క నిమిషం" అని వరండాలోకి పరిగెత్తి, మీటర్ల దగ్గర ఫ్యూజు పట్టి లాగేశాను. హమ్మయ్య అనుకునేలోపే లోపల్నుంచి డప్పులు! టీవీ భేషుగ్గా ఆడుతోంది. పైన మాత్రం ఎవరో "అయ్యో!" అని అరిచారు. నేను పీకింది పై వాటా ఫ్యూజు.

పై వాటా కుమారిగారు మిక్సీ జారుతో సహా మెట్లు దిగొచ్చింది. "సుగుణగారూ, మీకు కరెంటుందా అండీ? నా పచ్చడి సగంలో ఆగింది... అదేంటండీ, మా ఫ్యూజు మీ చేతిలో ఉంది?"

"తుడుస్తున్నానండి" అన్నాను.

ఇంట్లో చుట్టాన్ని కూర్చోబెట్టి పక్కవాళ్ళ ఫ్యూజు తుడిచే ఇల్లాలిని మీరెక్కడన్నా చూశారా? ఆవిడ నా కేసి ఒకలా చూసి, లోపలి డప్పులు విని, "ఓ, మాస్టారి వీడియోనా?" అంటూ జారుతోనే లోపలికెళ్ళి కూర్చుంది.

తెరమీద మామగారు "జింగా బకా, జింగా బకా" అంటూ గంతులేస్తున్నారు. నీమా మొహంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది. నేనిక ఆగలేక టీవీకి అడ్డంగా నిలబడి, "సారీ నీమా. మా ఇంటి తరఫున, మా తెనాలి తరఫున, గుంటూరు జిల్లా తరఫున, కొత్తగా విడిపోయిన బాపట్ల జిల్లా తరఫున కూడా..." అని మొదలుపెట్టాను.

"అక్కా, కూర్చోండి. నాకు కనపడటం లేదు" అంది నీమా.

కూర్చున్నాను. చివరిదాకా చూసింది. గేదె వచ్చినప్పుడు మాత్రం కాస్త నవ్వింది. అయ్యాక మామగారి వైపు తిరిగి అడిగింది: "అంకుల్, అందులో మీరు మాట్లాడింది ఏ భాష?"

ఈసారి ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. మామగారు తడబడ్డారు. "మీ భాషేననుకున్నామమ్మా. మేకప్ అతను ఏదో చెప్పాడు, నేను పలికాను. ఎవర్నీ అడగలేదు."

కుమారిగారు అందుకుంది. "ఎవర్నీ తక్కువ చెయ్యాలని కాదమ్మా. అప్పుడు మేమందరం పడీపడీ నవ్వాం. ఇప్పటి కళ్ళతో చూస్తే ఎలా? ఆ రోజులే వేరు."

నీమా నెమ్మదిగా అంది: "ఆ రోజుల్లో కూడా మా తాతగారు ఉన్నారు కదా ఆంటీ. పోస్ట్‌మాస్టరు. కోటు లేకుండా వీధిలోకి వచ్చేవారు కాదు."

ఆ మాట తెలుగులో చెప్పడానికి నాకు కాస్త టైము పట్టింది. మామగారు టీవీ ఆపేశారు. ఫోను చేతిలో తిప్పుతూ, "తీసేయమంటావా అమ్మా?" అన్నారు. "తీసేస్తాలే. కాకపోతే... ఇన్నేళ్ళు స్టేజీ ఎక్కాను, ఒక్క ఫోటో లేదు. మిగిలింది ఈ ముక్క ఒక్కటే."

నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళు చెమర్చాయి. ఆయన ఆ వీడియో అందరికీ ఎందుకు చూపిస్తారో కోడలిగా ఇన్నేళ్ళున్నా నేనెప్పుడూ అడగలేదు. రైల్లో మాత్రం పెద్ద ఉపన్యాసాలు!

నీమా ఆయన వైపు తిరిగింది. "తీసెయ్యొద్దు అంకుల్. అబద్ధం చెప్పను, నాకు నచ్చలేదు. చూస్తుంటే బాధేసింది. కానీ దాచేస్తే ఏం లాభం? ఎవరికైనా చూపిస్తే, 'ఈ రాజు ఎక్కడా లేడు, మేం కల్పించాం' అని చెప్పి చూపించండి. అయినా అది మీ యాక్టింగు కాదు. మీరు నిజంగా ఏం వేసేవారో అది చూపించండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే" అని ఫోను తీసి వీడియో పెట్టింది.

మామగారు లేచారు. తువ్వాలు భుజాన వేసుకున్నారు. గొంతు సవరించుకుని ఒక పద్యం ఎత్తుకున్నారు చూడండి! రాగం తీస్తే వీధిలో పోయేవాళ్ళు గేటు దగ్గర ఆగిపోయారు. కుమారిగారు మిక్సీ జారు ఒళ్ళో పెట్టుకుని చప్పట్లు కొట్టింది. నీమా "బాగుంది! బాగుంది! చాలు!" అంది. 'చాలు' అంటే 'చాలా' అనుకుందట. మామగారు పాపం ఠక్కున ఆపేశారు. నేను అర్థం చెప్పేసరికి మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నారు.

ఇక ఇల్లంతా తేలికపడింది. రొయ్యలు వేయించాను. నీమా అమ్మో కారం అంటూనే గిన్నె ఖాళీ చేసింది. తింటూ, "మా టీవీలో కూడా ఒక కామెడీ వచ్చేది అక్కా, నా చిన్నప్పుడు. అందులో కిరాణా కొట్టు నడిపే ఇండియా ఆయన ఉండేవాడు. మా ఇంట్లో అందరం నవ్వేవాళ్ళం. మా వీధిలో ఒక గుజరాతీ అంకుల్ ఉండేవాడు, ఆయనా మాతో కూర్చునే చూసేవాడు. ఆయన నవ్వేవాడో లేదో నేనెప్పుడూ తిరిగి చూడలేదు" అంది.

మామగారు వింటారా? "ఏదీ, చేసి చూపించమ్మా! నా వేషం నువ్వు చూశావుగా!"

నీమా సిగ్గుపడుతూనే లేచింది. సోఫాలోని దిండు పొట్టకి కట్టుకుంది. ఒక కాలు ఈడుస్తూ వచ్చి, కొట్లో కూర్చుని, ముక్కుతో మాట్లాడుతూ, ఏది అడిగినా అవునో కాదో తేలకుండా తలకాయని అటూ ఇటూ, కిందికీ పైకీ, గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. పంచదారుందా? తల. లేదా? అదే తల. రేపు రానా? మళ్ళీ అదే తల! మామగారు నవ్వీనవ్వీ పొలమారి దగ్గారు. కుమారిగారికి జారు చేతిలోంచి జారిపోయి సగం పచ్చడి నేలపాలయింది.

నవ్వనిది నేనొక్కదాన్నే. ఎక్కడో చురుక్కుమంది. ఏంటిది? మనమంటే అంత వెటకారమా? నాలోని రైలు ఉపన్యాసకురాలు లేచి నిలబడింది.

"నీమా, ఇది అన్యాయం. అందర్నీ ఒకే గాటన కట్టడం తప్పు. మేమెవ్వరం అలా తలలు తిప్పుకుంటూ మాట్లాడం. అస్సలు మాట్లాడం!" అన్నాను గట్టిగా.

ముగ్గురూ నా వంకే చూస్తున్నారు, నా కళ్ళలోకి కాదు, కాస్త పైకి. మామగారు తువ్వాలు నోట్లో కుక్కుకున్నారు.

నీమా చాలా మర్యాదగా అడిగింది: "అక్కా, ఇప్పుడు మీరు తల తిప్పింది అవుననా, కాదనా?"

ఏం చెప్పను? నాక్కూడా తెలిస్తేగా!