లాభం తర్వాత మూడోది

దయ్యాలు, ఆత్మలు అంటూ కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నకిరేకల్‌లో ఒక ధాన్యం కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తాను. చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు, కంప్యూటరు నాకు నేనే నేర్చుకున్నాను. తేడా వస్తే ఎక్కడో కూడికో తీసివేతో తప్పి ఉంటుందని తప్ప ఇంకోలా ఆలోచించడం నాకు చేతకాదు. ఇది ఎవరినో భయపెట్టడానికి రాయడం లేదు. కోపం తగ్గక రాస్తున్నాను.

మా నాయిన ధాన్యం కొలిచేవాడు. కాంటాలు వచ్చాక కూడా మా ఊళ్లో కొందరు రైతులు తిండిగింజల వరకు ఆయన చేత కుంచంతోనే కొలిపించుకునేవాళ్లు. మొదటి కుంచాన్ని 'ఒకటి' అనడు, 'లాభం' అంటాడు. చాలాచోట్ల లాభం తర్వాత రెండు అంటారు. మా ఇంటి పద్ధతి వేరు. లాభం కుంచాన్ని దేవుడి పేరిట పక్కన పోసి, ఆ తర్వాతి దాని నుంచి ఒకటి, రెండు అని మొదలుపెట్టేవాడు. కాగితం మీద కాదు గానీ, వేలు పెట్టి లెక్కించేటప్పుడు ఇప్పటికీ నా నోట ముందు లాభమే వస్తుంది.

ఆయన చివరిసారి కొలిచినప్పుడు తమ్ముడు సైదులు ఫోన్లో రికార్డు చేసి నా లాప్‌టాప్‌లో వేశాడు. తర్వాత ఆ ఫోన్ పాడైంది. నాయిన పోయాక చూసుకుంటే ఆయన గొంతు మాకు మిగిలింది ఆ ఒక్క రికార్డులోనే. అందులో మాటలేమీ లేవు. ఎక్కడా తప్పకుండా సాగిన లెక్క, గింజల చప్పుడు, అంతే.

ఆ లాప్‌టాప్ పాతది. విండోస్ నత్తనడక నడుస్తోంది, కొత్త విండోస్ దీనికి ఎక్కదన్నారు. కానీ దుకాణం లెక్కల ప్రోగ్రాం విండోస్‌లోనే నడుస్తుంది కాబట్టి దాన్ని తీసేయలేను. విండోస్‌ను అలాగే ఉంచి, డిస్కులో కొంత జాగా వేరు చేసి పక్కనే, పాత కంప్యూటర్లలోనూ చురుగ్గా నడిచే లినక్స్ వేసుకోవచ్చని చదివాను. సైదులుకు కొత్తకోటలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. వాడొచ్చి డిస్కును విడగొట్టి, లినక్స్ వేసే పెన్‌డ్రైవ్ చేసి నా చేతిలో పెట్టాడు. "నాయిన రికార్డు కాపీ తీసిన అన్నా, నువ్వేం ఫికర్ చేయకు" అని బస్సెక్కాడు.

ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాను. పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టగానే డిస్కులోని భాగాలు వరుసగా కనిపించాయి. విండోస్‌లో ఉండే సి, డి అక్షరాలు ఇక్కడ లేవు. మొదట ఒక చిన్న ముక్క, దాని కింద పెద్దవి. వాటిలో రెండు సరిగ్గా ఒకే సైజు. పాతదానికి సమానంగా కొత్తది కోశాడు మా వాడు. ఎంత నిండిందో చూపాల్సిన చోట 'తెలియదు' అని ఉంది. ఫోన్ చేశాను.

"అరేయ్ సైదులు, ఖాళీది ఏదిరా?"

"మూడోది అన్నా."

"పక్కానా?"

"ఎన్నిసార్లు చెప్పాలెనే నీకు! పెండ్లిచూపులకు పోయినట్టు చేస్తున్నవు. మూడోది పట్టు, వత్తు."

కోపమొచ్చి ఫోన్ కట్ చేసి మంచం మీద పడేశాను. తెర మీద వేలు పెట్టి లెక్కించాను. లాభం, ఒకటి, రెండు, మూడు. ఆ మూడోదాన్ని ఎంచుకుని, తుడిచి లినక్స్ వేయమని గుర్తు పెట్టాను. ఆఖరి బటన్ మీదికి వేలు పోయింది.

అప్పుడు వినిపించింది. రాశి మీద కుంచం బోర్లా కొట్టిన చప్పుడు, వెంటనే "మళ్ల" అని నాయిన గొంతు.

లెక్క తప్పిందని అనుమానం వస్తే ఆయన చేసే పని అదే. కుంచం బోర్లించి, "మళ్ల" అని, అంతా తిరిగి రాశిలో పోసి మొదటి నుంచి కొలిచేవాడు.

చప్పుడు లాప్‌టాప్ నుంచే వచ్చింది. ఆ లాప్‌టాప్‌కు స్పీకర్లు లేవు. పగిలి గరగరమంటుంటే అంతకుముందే రెండూ పీకించేశాను. ఇయర్‌ఫోన్లు దుకాణంలో ఉన్నాయి.

నా భార్య పద్మ పిండి చేతులతో వంటింట్లో నుంచి వచ్చింది.

"మామ రికార్డు పెట్టేటప్పుడు జర చెప్పొద్దా? పాణం పోయినంత పనైంది."

"నేను పెట్టలేదు."

"మరి మళ్ల అన్నదెవలయ్యా?"

నాకు వినిపించింది 'మళ్ల' అని నేను ఆమెకు చెప్పనే లేదు.

వేలు తీసేశాను. అంతా ఆపి విండోస్ తెరిచి చూశాను. లోకం లెక్కలో మూడోది ఖాళీ. నేను పట్టుకున్నది నాలుగోది, రికార్డు ఉన్నది. పోనీ కాపీ ఉంది కదా అని పెన్‌డ్రైవ్‌లు వెతికాను. ఎందులోనూ లేదు. మళ్లీ ఫోన్ చేసి జరిగింది చెప్పి, కాపీ ఎక్కడని అడిగాను.

"నీకిచ్చిన దాంట్లనే ఉన్నది."

"ఇండ్ల లినక్స్ తప్ప ఏం లేదురా."

"ముందుగాల కాపీ చేసిన అన్నా. తర్వాత దాని మీదనే లినక్స్ ఎక్కించిన. అప్పుడు పోయినట్టుంది."

"పోయినట్టుందా? నాయిన గొంతురా అది! ఎక్కిస్తే ఉన్నదంత తుడుచుకపోతదని ఎరుక లేదా? దుకాణం పెట్టి ఊరోళ్ల ఫోన్లు ఎట్ల బాగుజేస్తున్నవురా నువ్వు?"

"ఊరోళ్ల లెక్కలు రాసెటోనివి, నువ్వు మూడు లెక్కపెట్టలేకపోతివి గదనే!"

ఆ రోజే రికార్డును రెండు చోట్ల కాపీ చేశాను. తర్వాత సరైన భాగంలో లినక్స్ వేశాను. విండోస్, లినక్స్ రెండూ బాగానే నడుస్తున్నాయి.

కారణం కోసం నేను వెతకని చోటు లేదు. ఫోన్ అప్పటికే కట్ చేసి ఉంది. పక్కింటివాళ్లు ఊళ్లో లేరు. విండోస్ అసలు తెరిచిలేదు, రికార్డు దానంతటది మోగే వీల్లేదు. ఇయర్‌ఫోన్లు తెచ్చి నేనూ పద్మా రికార్డు మొదటి నుంచి చివరి దాకా విన్నాం. అందులో "మళ్ల" అనే మాటే లేదు.

సైదులు వచ్చి తనూ రికార్డు విన్నాడు. కళ్లు తుడుచుకుని, "నాయిన మనల్ని కనిపెట్టుకొనే ఉన్నడన్నా" అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

నల్లగొండ దవాఖానలో ఆఖరి రోజుల్లో నాయినకు తెలివి ఉంది. గొంతుకు ఏమీ కాలేదని, మాట్లాడగలడని డాక్టరు చెప్పింది. మంచం పక్కన కూర్చుని "నాయినా, ఒక్క మాట మాట్లాడు" అని ఎన్నిసార్లు అడిగానో. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నా మీద కోపమో, బతుకు మీద విసుగో, అదైనా చెప్పలేదు. అలాగే పోయాడు.

ఆ గొంతు ఆయనది కాదంటే మేమిద్దరం విన్నది ఏమిటో నేను చెప్పలేను. ఆయనదే అంటే, మాట్లాడే వీలుండీ అప్పుడు మాట్లాడలేదని, నా లెక్క దిద్దడానికి మాత్రం వచ్చాడని ఒప్పుకోవాలి. ఈ రెండిట్లో దేన్నీ నేను ఒప్పుకోలేకపోతున్నాను. మొన్న పద్మ లాప్‌టాప్ ముందు అగరొత్తి వెలిగించబోతే అరిచాను. ఆర్పేసి లోపలికి వెళ్లింది. నేను తెర ముందు చాలాసేపు కూర్చున్నాను. ఏ చప్పుడూ రాలేదు.