మోతె అక్క, కోదాడ తమ్ముడు, ఒక మగపంది

ఆ రోజుల్లో ప్రతి రోగానికీ పక్క ఊరి పేరు పెట్టేవాళ్లు. సూర్యాపేటలో పందులు చస్తే అది కోదాడ రోగం, కోదాడలో చస్తే మిర్యాలగూడ రోగం, మిర్యాలగూడలో చస్తే సూర్యాపేట రోగం. (మా దగ్గరే పుట్టిందని ఒప్పుకున్న ఊరు నాకింతవరకు తగల్లేదు.) తొంభైల చివర్లో నేను సూర్యాపేట పశువుల దవాఖానలో కొత్త డాక్టర్ని. పందులుండే వాడలకు పోవడానికి సీనియర్లెవరూ ఇష్టపడరు కనుక ఆ గౌరవం నాకు దక్కింది.

సూర్యాపేట దగ్గరి మోతెలో పందులు పెంచే ఒకామెను మేమంతా అక్కా అనేవాళ్లం. ఆమెకు మంచి మగపంది లేదని, కోదాడలో ఉండే సొంత తమ్ముడు తన పందిని ట్రాలీలో తెచ్చి ఇచ్చాడు. అది కొన్నాళ్లుండి తిరిగి పోయింది. తర్వాత రెండు చోట్లా జ్వరం మొదలైంది. చెవులు కమిలి, వెనక కాళ్లు తూలి, మగపందితో సహా అన్నీ పోయాయి. రోగం నీ పందే తెచ్చిందని అక్క, మంచి పందికి రోగం అంటించి పంపావని తమ్ముడు. మాటలు బంద్ అయ్యాయి. అటు అక్క బిడ్డ పెళ్లి దగ్గర పడింది. పెళ్లికూతుర్ని మేనమామే ఎత్తుకొని పందిట్లోకి తేవాలి.

"వాని తప్పని తేలితే వాడే సిగ్గుపడి వస్తడు సారూ. నాదని తేలితే నేనే పోయి కాళ్లు పట్టుకుంట. ఏదో ఒకటి తేలాలె" అంది అక్క.

"ఇప్పుడు వైరస్ జన్యువులు చూసి అది ఏ రకమో చెప్పే పరీక్ష వచ్చిందక్కా. అన్నీ తేలిపోతయి" అన్నాను. (ఆ పరీక్ష గురించి నాకు తెలిసిందల్లా ఒక మీటింగులో భోజనాల ముందు, ఆకలి మీద విన్నదే.)

మోతెలో, కోదాడలో, చివరికి అదే జ్వరం ఉందని విన్న మిర్యాలగూడలో చచ్చిన పందుల తిల్లి (ప్లీహం) ముక్కలు కోసి, ఐసు నింపిన ఎర్ర థర్మాసులో పెట్టుకొని బస్సెక్కాను. మండే ఎండ. పక్క సీటు ముసలాయన థర్మాసు వైపే చూస్తూ, "సల్లనీళ్లున్నట్టున్నయ్, జర గొంతుల పొయ్యరాదు సారూ" అన్నాడు. లోపలున్నది చెబితే తర్వాతి స్టాపు దాకా కూడా ఆగకుండా నన్ను కిటికీలోంచే దించేస్తారు. థర్మాసును పొట్టకు కరుచుకున్నాను. "గవర్నమెంటు జీతం తినుకుంట ముసలాయనకు గుక్కెడు నీళ్లు పొయ్యవా?" అని కండక్టరు లేచాడు. టికెట్టు చిల్లర నొక్కేసిన ఆ మనిషి నోటితో దయాధర్మాల గురించి సూర్యాపేట వచ్చేదాకా విన్నాను. బస్సంతా తలలూపింది.

ముక్కలు ఎక్కడో దూరాన ఉన్న లేబరేటరీకి పోయాయి. పెళ్లి ముహూర్తం వచ్చింది, పోయింది. ఫలితం మాత్రం ఆ తర్వాత ఎన్నో నెలలకు తీరిగ్గా వచ్చింది. మా పెద్ద డాక్టరు టిఫిన్ డబ్బా మూత తీస్తూ, "మూడు చోట్లా ఒక్క రకమేనయ్యా. ఒకే కుటుంబం" అన్నాడు.

"మొదలు ఎవరి దగ్గర సార్?"

"దగ్గరి చుట్టాలని తేలుతది గాని, ఎవరింటికి ఎవరు పోయిండ్రో ఇందులో యాడ తేలుతదయ్యా?"

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో కూడా తెలియలేదు. మోతె పోయి చెప్పాను. అక్క ఖాళీ పందుల దొడ్డి ముందు కూర్చొని విన్నది. "రోగాలు చుట్టాలయినయ్. మేం కాకుంట పోయినం" అని, నాకు చాయ్ పెట్టడానికి లేచింది.

కోదాడ పోయి తమ్ముడికీ చెప్పాను. అతను వైరస్ గురించి ఒక్క మాటా అడగలేదు. "పిల్లనెవరు ఎత్తుకున్నారండీ?" అన్నాడు.

"ఎవరో తండ్రి వైపు పాలివాళ్లట" అన్నాను.

తలుపు దగ్గరగా వేసి లోపలికి పోయాడు.

మొన్నామధ్య లోకమంతా ఒక రోగం ఎక్కడ పుట్టిందని కొట్లాడుకుంటుంటే, టీవీలో ఒక కుర్రాడు సూటు వేసుకొని, జన్యువులు చూస్తే అన్నీ తేలిపోతాయని ధీమాగా చెబుతున్నాడు. మా ఇంట్లో అందరూ నోళ్లు తెరుచుకొని వింటున్నారు. ఆ కుర్రాడి పొట్ట దగ్గర ఎర్ర థర్మాసు ఒక్కటే తక్కువనిపించి, నవ్వొచ్చి, టీవీ కట్టేశాను.