ఎనిమిది చుక్కలతో పోయిన ఇల్లు

1981 జులై 14, మంగళవారం. తెల్లవారుజాము నుంచి ముసురు. హన్మకొండలో మా స్నానాలగది పెంకుల్లోంచి సరిగ్గా ఒక్కచోటే నీళ్లు కారుతున్నాయి. ఆ ఒక్కచోటు వల్ల నాకు రావలసిన ఇల్లు చేజారింది. ఎట్లా జారిందో చెప్తాను, చాయ్ తాగుతూ వినండి. నవ్వొస్తే నవ్వండి, మొహమాటం వద్దు. మా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు!

అప్పటికి తాలూకా ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరై ఎనిమిది నెలలు. షుగరు బయటపడి ఆరు నెలలు. షుగరు లేని అదృష్టవంతుల కోసం ఆ తతంగం చెప్పాలి. పొద్దున లేవగానే టెస్ట్ ట్యూబులో ఒక చెంచాడు బెనెడిక్ట్ ద్రావకం పోయాలి. అది నీలంగా ఉంటుంది. అందులో మన మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద రెండు నిమిషాలు కాచాలి. నీలంగానే ఉంటే షుగరు లేదు. పచ్చబడితే కొంచెం ఉంది. పసుపైతే ఎక్కువ. ఇటుక రంగుకు తిరిగితే ఇక డాక్టరు ముఖం చూడలేం. ఏ రోజు ఏ రంగో నోట్‌బుక్కులో రాసి నెలకోసారి చూపించాలి. నా నోట్‌బుక్కు ఆరు నెలలూ పచ్చకూ పసుపుకూ మధ్య ఊగింది.

ఆ ద్రావకం దవాఖానలో కాంపౌండరు పోసిచ్చేవాడు. సీసా మాత్రం మనదే. అప్పట్లో ఏ దవాఖానకు పోయినా ఖాళీ సీసా చేత పట్టుకుని పోవడమే మర్యాద. మా నాన్నయితే పెళ్లికి పోతున్నా సంచిలో ఒక సీసా పెట్టుకునేవాడు, దారిలో దవాఖాన తగిలితే పనికొస్తుందని! సరే, దారి తప్పాను. మా ఇంట్లో దగ్గుమందు సీసాలు రెండుండేవి, ఒకే తీరువి. ఒకదాంట్లో నా ద్రావకం. రెండోదాంట్లో మా ఆవిడ సుగుణ బట్టలకు పెట్టే నీలిమందు కలిపి ఉంచేది. రెండూ స్నానాలగది గూట్లోనే ఉండేవి. నాది కుడిపక్క, ఆమెది ఎడమపక్క.

"మీ సీసాకు ఒక చీటీ అంటిచ్చుకోరాదుండ్రి," అనేది సుగుణ.

"చదువుకున్నోనికి చీటీ దేనికే?" అనేవాణ్ని నేను. ఇంటర్మీడియట్‌లో కెమిస్ట్రీ చదివినవాణ్ని మరి. తర్వాత బి.ఏ.కి ఎందుకు మారానో అడక్కండి.

ఆ మంగళవారం కారిన నీళ్లు సరిగ్గా ఆ గూట్లోకే పడ్డాయి. సీసాలు తీసి కిందపెట్టి, గూడు తుడిచి, మళ్లీ సర్దింది నేనే. తెల్లారి పరీక్ష చేస్తే స్వచ్ఛమైన నీలం! మర్నాడూ నీలమే. వారం రోజులు వరుసగా నీలం. ట్యూబు అడుగున కాస్త మడ్డి దిగేది. దాన్ని సైన్సులో ప్రెసిపిటేట్ అంటారని సుగుణకు పాఠం చెప్పాను.

ఇంత మహిమ ఎక్కడిదని ఆలోచించాను. ఆ ముందు వారమే పాత ఆఫీసు మిత్రుడొకడు ఏటూరునాగారం నుంచి పొడపత్రి ఆకు తెచ్చిచ్చాడు. షుగరుకు మంచిదన్నాడు. అది నమిలిన తర్వాత నోట్లో చక్కెర వేసుకుంటే ఇసుక వేసుకున్నట్టే ఉంటుంది. ఇంకేముంది, ఆకే గెలిచింది! మాత్రలు మానలేదు గానీ పథ్యం మానేశాను. పొద్దున ఆకు నమిలేవాణ్ని, గంటసేపు నాలుక తేరుకునేదాకా ఓపిక పట్టేవాణ్ని, ఆ తర్వాత జిలేబి తినేవాణ్ని. రుచి తెలియకుండా తింటే పాపం కదా.

అదే వారాల్లో సుగుణకు వేరే కష్టం.

"ఏందండి గీ నీలిమందు? దొంగమాలు అంటగట్టిండు దుకాణపోడు. ధోతులు తెల్లగైతలేవు, జర పచ్చపచ్చగ అయితానయ్."

"నీకు బట్టలుతుకుడు రాదని ఒప్పుకోరాదే," అన్నాను. ఈ మాటకు నేను తర్వాత చాలా కాలం శిక్ష అనుభవించాను.

ఇప్పుడు మా మేనత్త ఎస్తేరమ్మ దగ్గరికి రావాలి. మిషన్ బడిలో ముప్పై ఏళ్లు పంతులమ్మగా చేసింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. కాశిబుగ్గలో నాలుగు గదుల సొంత ఇల్లు, వెనుక మంచినీళ్ల బావి. ఆ ఇల్లు నాకివ్వాలో, నా తమ్ముడు ప్రసాదుకివ్వాలో తేల్చుకోలేక పదేళ్లుగా ఇద్దరి చేతా సరుకులు మోయిస్తోంది. ఆమెకూ షుగరే, నాకంటే సీనియరు. నేను మాత్రం అద్దె ఇంట్లో, కారే పెంకుల కింద ఉన్నాను. ఆ ఇంటి మీద నాకెంత ఆశ ఉండేదో మీరే ఊహించుకోండి.

ఆకు తీసుకుని పోయి ఆమెకు కథంతా చెప్పాను.

"నిజమేనారా అల్లుడా? తొమ్మిదేండ్లాయె నేను మీఠా నోట్లె వెట్టక!"

"పది రోజులు ఆకు నములు అత్తమ్మా. తర్వాత నేనే వచ్చి పరీక్ష చేస్త."

పదకొండో రోజు నా సీసా, నా దీపం పట్టుకుని సుగుణతో కలిసి కాశిబుగ్గ వెళ్లాను. ఎనిమిది చుక్కలు వేసి కాచాను. నీలం! అత్తమ్మ ట్యూబును కిటికీ వెలుతురుకు పెట్టి, కళ్లద్దాలు తీసి చూసింది, పెట్టుకుని చూసింది. తర్వాత కుర్చీలో కూర్చుని, ప్రార్థన చేసి, కళ్లు తుడుచుకుని, డబుల్ కా మీఠా ఎట్లా చేయాలో సుగుణను అడిగింది.

"అల్లుడా, నువ్వు నా పానం నిలవెట్టినవ్. ప్రసాదు కందిపప్పు తెచ్చుడు తప్ప ఏం చేసిండు? వచ్చే ఆదివారం చర్చి నుంచి వచ్చినంక కాయితం రాస్త. ఇల్లు నీదే."

ఆ వారం నాకు నిద్రలో కూడా బావి గిలక చప్పుడు వినిపించింది.

ఆదివారం ప్రసాదు తప్ప అందరం చేరాం. దస్తావేజు రాసే ముసలాయన స్టాంపు కాగితం పరుచుకున్నాడు. సాక్షి సంతకానికి పక్కింటి నర్సయ్యను పిలిచారు. మగ్గాల వాళ్లకు నూలు అద్దకం చేస్తాడు. అత్తమ్మ డబుల్ కా మీఠా రెండో గిన్నె ఖాళీ చేస్తోంది. రాసేది రాయడమైంది, సంతకం ఒక్కటే మిగిలింది.

అక్కడ నేను నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. కూర్చోలేదు.

"ఒక్క నిమిషం అత్తమ్మా. సాక్షుల ముందర ఇంకొక్కసారి పరీక్ష చేసి చూపిస్త. రేపు ప్రసాదు ఏమన్న అంటే జవాబుండాలె."

"ఇప్పుడెందుకండి గది?" అంది సుగుణ.

"సైన్సే, నీకు తెల్వదు," అని దీపం వెలిగించాను.

నర్సయ్య వంగి శ్రద్ధగా చూశాడు. కాచాను. నీలం! సభ వైపు ట్యూబు ఎత్తి చూపించాను. నర్సయ్య మెల్లగా సీసా మూత తీసి, చిటికెన వేలు ముంచి, అరచేతిలో రుద్దుకున్నాడు.

"సారూ, గిది బట్టలకు పెట్టే నీలి గదా?"

"కాదు నర్సయ్యా. బెనెడిక్ట్ ద్రావకం. కాస్తే రంగు మారుతది."

"నీలిని కాస్తే ఏమైతది సారూ? ఉడుకు నీలి అయితది."

"నీకు ద్రావకాల సంగతి తెల్వది."

"ద్రావకం తెల్వది సారూ. నీలి తెలుసు. నలభై ఏండ్లసంది నా గోర్లల్లనే ఉన్నది."

నాకు పౌరుషం వచ్చింది. వంటింట్లోంచి తేనె తెప్పించి, "చూడు, తేనె వేస్తే ఇటుక రంగొస్తది," అని రెండు చుక్కలేసి కాచాను. నీలం! మరో నాలుగు చుక్కలేశాను. ముదురు నీలం!

అత్తమ్మ గిన్నె కింద పెట్టింది.

"ఏంరా అల్లుడా, తేనెకు గూడ షుగరు తగ్గినట్టున్నది? దానికి గూడ ఆకు నమిలిపిచ్చినవా?"

అప్పుడు సుగుణ నెత్తి మీద చేయి పెట్టుకుంది. "అయ్యో దేవా! మరి నేను నెలసంది ధోతులను ముంచుతాన్నది దేంట్లె?"

అందరూ ఒక్కసారి నా ధోవతి వైపు చూశారు. పొద్దున కట్టుకున్నప్పుడు తెల్లదనే అనుకున్నాను. ఆ గది వెలుతురులో అది లేత పెసర రంగులో ఉంది. నర్సయ్య దాని అంచు పట్టుకుని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "రంగు మంచిగనే ఎక్కింది సారూ," అన్నాడు, పాపం, ఓదార్పుగా.

"పంతులమ్మను! ముప్పై ఏండ్లు పిల్లలకు చదువు చెప్పిన. నన్ను పట్టుకొని బట్టల నీలితోని పరీక్ష చేస్తివారా!" అని అత్తమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

మర్నాడు ఇద్దరం దవాఖానకు పోయాం. ఒకే రిక్షాలో, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా. కాంపౌండరు రెండు ట్యూబులు పక్కపక్కన పెట్టాడు. రెండూ ఇటుక రంగే. ఏది ఎవరిదో ఆయనకే తెలియలేదు. డాక్టరు ఇద్దరినీ నిలబెట్టి తిట్టాడు, ఇద్దరికీ నెల రోజులు సూదులు రాశాడు. అత్తమ్మ బాగానే కోలుకుంది. మరో ఏడేళ్లు చర్చికి నడిచే వెళ్లింది. నేను సరుకులు మోస్తూనే ఉన్నాను. ఆమె తీసుకుంటూనే ఉంది. ఇంటి ఊసు మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

పోయిన సంవత్సరం ఆమె కన్నుమూసింది. నలభై రోజుల ప్రార్థన అయ్యాక అదే దస్తావేజు ముసలాయన వచ్చి వీలునామా చదివాడు. ఇల్లు, బావితో సహా, నా తమ్ముడు ప్రసాదుకు. కుట్టుమిషను సుగుణకు. హార్మోనియం చర్చికి. పెద్ద ఇత్తడి గంగాళం నర్సయ్యకు, రంగు ఉడకబెట్టుకోవడానికి. అక్కడితో అయిపోయిందనుకుని నేను లేవబోయాను.

"కూసోండ్రి సార్, ఇంకో లైనున్నది," అన్నాడాయన. "ఇది అవసరం లేదు, పేరు రాయకుంటే సరిపోతదని నేను చెప్పిన. మర్చిపోయిందనుకుంటడు, రాయి అన్నదామె." గొంతు సవరించుకుని చదివాడు.

"నా పెద్ద మేనల్లుడు జీవరత్నం, బి.ఏ. గారికి, ఏమియు లేదు."