విన్న పిట్టలు, చూసిన పిట్టలు

మొన్న తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చుని ఉంటే, ప్లాట్‌ఫారం చివర ఒకావిడ గంపలో తేగలు పెట్టుకుని అమ్ముతోంది. ఆకుమంటలో కాల్చిన తేగల వాసన, కొంచెం పొగ, కొంచెం తడి ఇసుక, కొంచెం తీపి కలిసిన ఆ వాసన గాలికి నా దాకా వచ్చేసరికి, చుట్టూ ఉన్న జనమూ మైకులో వినిపిస్తున్న బండ్ల పేర్లూ వెనక్కి తగ్గిపోయి, మంచు ఇంకా విడవని ఒక మాఘమాసపు ఉదయం నా ముందు నిలబడింది.

అరవైల నడిమి సంవత్సరాల్లో మేము బాపట్లకీ సముద్రానికీ మధ్య ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. మా నాన్న అక్కడి మిషను బళ్ళో పంతులు. బడిని ఆనుకునే మా తాటాకుల ఇల్లు, ఇంటిని ఆనుకునే జీడిమామిడి తోటలు, అవి దాటితే సరుగుడు చెట్లు, సరుగుళ్ళు దాటితే ఇసుకదిబ్బలు, దిబ్బల అవతల సముద్రం. దిబ్బలకు ఇవతల, ఊరివైపు, ఉప్పునీరు ఎక్కి దిగే విశాలమైన బురదనేల ఒకటి ఉండేది. మా వైపు దాన్ని పర్ర అంటారు. క్రిస్మస్ అయిపోయి, వసారాలో కట్టిన కాగితపు నక్షత్రం మంచుకు తడిసి రంగు వెలిసి, రేగుపళ్ళు ఎండి ముడతలు పడి, పొలాల్లో కుప్పనూర్పిళ్ళు ముగిసే వేళకు ఎక్కడెక్కడి పిట్టలో వచ్చి ఆ పర్ర మీద వాలేవి. ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోయేవి. ఆ నెలన్నర, రెండు నెలలు మా ఇంట్లో ఎవరూ ఎండెక్కేదాకా పడుకోవడానికి లేదు.

నాన్నకు ఈ పిట్టల పిచ్చి ఎప్పుడు పట్టుకుందో తెలియదు. దుర్భిణీ లాంటిదేమీ ఆయన దగ్గర లేదు. భుజం మీద తుండు, చేతిలో పాములకోసం ఒక వెదురుకర్ర, అంతే. తెలతెలవారుతుండగానే నన్నూ అన్నయ్యనూ లేపి, అమ్మ పాత చీర మడత ఒకటి నా తలకు చుట్టి, చెరో తేగ చేతికిచ్చి నడిపించేవాడు. చలికి ఇసుక పాదాలను కొరికేది. దిబ్బ ఎక్కి ముందు సముద్రం వైపు చూసేవాళ్ళం. అలివి వల లాగుతున్న పల్లెవాళ్ళ కేకలు, వలలో చేపల కోసం గోలపెట్టే సముద్రపు కాకులు, అల వెనక్కి పోగానే తడి ఇసుక మీద పరుగులు పెట్టే ఉల్లంకి పిట్టలు. తర్వాత ఇటు తిరిగి పర్ర వైపు. అక్కడ నారాయణపక్షులు, గూడబాతులు, గుంపులు గుంపులుగా పరజలు అనే అడవిబాతులు, ఇంకా మాకెవ్వరికీ పేరు తెలియని ఎన్నో.

ఇంటికి తిరిగొచ్చి చద్దన్నం ముందు కూర్చున్నాక అసలు ఆట మొదలయ్యేది. "ఇవాళ ఎవరు ఏ పిట్టను తెచ్చారు?" అని నాన్న అడిగేవాడు. ఒక్కొక్కరూ ఒక్క పిట్టను చెప్పాలి, అది ఏం చేస్తుండగా పట్టుబడిందో చెప్పాలి. చెప్పలేనివాళ్ళు ఆ పూట బావిలో నీళ్ళు తోడాలి. అమ్మ మాతో ఎప్పుడూ వచ్చేది కాదు గానీ ఆటలో మాత్రం ఉండేది. "నేను తెచ్చింది మన కోడిపెట్ట. అది గుడ్డు పెట్టింది. మీ పిట్టలు ఏం పెట్టాయండీ?" అని మజ్జిగ పోస్తూ అనేది.

నేను ఏ రోజూ నీళ్ళు తోడలేదు. నా దగ్గర పిట్టలకు కరువుండేది కాదు. దిబ్బ ఎక్కకముందే సన్నగా ఈల వేసినట్టు ఉల్లంకి గొంతు వినిపించేది. గొంతులో ముల్లు పడ్డట్టు అరిచేది నారాయణపక్షి. నెత్తి మీంచి వెళ్ళే పరజల రెక్కల చప్పుడు, కొత్త చీర విదిలించినట్టుండేది. అది అటు వెళ్ళిందో ఇటు వెళ్ళిందో, ఒకటో గుంపో కూడా నేను చెప్పగలిగేదాన్ని. ఇక చూపు సంగతంటారా, లోకమంటే నాకు తెలిసింది అదే. సముద్రం ఊగే నీలపు మసక, చెట్లు పచ్చటి ముద్దలు, మనుషులకు దగ్గరికొచ్చాక ముఖాలు వస్తాయి. అందరి లోకమూ అంతేననుకున్నాను. బళ్ళో పంతులుగారమ్మాయిని కాబట్టి మొదటి వరసలో, నల్లబల్ల కాళ్ళ దగ్గరే కూర్చునేదాన్ని. కనిపించనివి పక్కవాళ్ళు పైకి చదువుతుంటే విని పట్టుకునేదాన్ని.

నాకన్నా మూడేళ్ళు పెద్దవాడైన అన్నయ్యకే నా మీద అనుమానం. "నాన్నా, కరుణ చూడకుండానే చెప్తోంది. రంగు చెప్పమను" అనేవాడు.

"రంగెందుకు? పిట్ట పేరు చెప్పానుగా" అనేదాన్ని నేను, వాడికి ఆట రాదన్నంత ధీమాగా. నాన్న నవ్వి ఊరుకునేవాడు.

నా తొమ్మిదో ఏట, చలి వెనకపట్టు పట్టే రోజుల్లో, ఒక ఉదయం మామూలుగా దిబ్బ ఎక్కి పర్ర వైపు తిరిగిన నాన్న ఆగిపోయాడు. అన్నయ్య కూడా. నేను చెవులు రిక్కించాను. వెనక సముద్రపు హోరు తప్ప ఏమీ లేదు.

"రాజహంసలురా" అన్నాడు నాన్న, గుళ్ళో మాట్లాడినట్టు మెల్లగా. "నా చిన్నప్పుడు ఒక్కసారి చూశాను. మళ్ళీ ఇదే."

"ఎక్కడ?" అన్నాను.

ఆయన నా వెనక మోకాళ్ళ మీద కూర్చుని, నా చెంప పక్కనుంచి చెయ్యి చాపి వేలితో చూపించాడు. "అదిగో, అంత బారునా నిలబడ్డాయిగా తల్లీ. నీళ్ళల్లో, ఎర్రగా."

ఆయన వేలి చివర, దూరంగా, లేత ఎరుపు గీత ఒకటి నాకూ కనిపించింది. "అది పొద్దుపొడుపు కదా నాన్నా" అన్నాను.

ఆయన చాచిన చెయ్యి నెమ్మదిగా దించి నన్ను తన వైపు తిప్పుకుని, నా కళ్ళలోకి చూశాడు. "పొద్దు మన వెనకుందమ్మా" అన్నాడు.

ఇంటికి వచ్చే దారంతా నా చెయ్యి వదల్లేదు. ఆ తాటిచెట్టుకు గిజిగాడి గూళ్ళున్నాయి చూడు అన్నాడు. ఏ తాటిచెట్టు అన్నాను. ఎదురుగా వచ్చేది ఎవరు అని అడిగాడు. మాట్లాడితే చెప్తానన్నాను. అన్నయ్య మా వెనక అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు.

ఆ పూట పిట్టల ఆట లేదు. విషయం విన్న అమ్మ మజ్జిగ చెంబు కింద పెట్టి గోడకు చేరగిలబడింది. "మా అక్కకీ ఇట్టాగే మొదలైందండి. ముందు దూరం పోయింది, తర్వాత దగ్గర పోయింది" అంది. రేపల్లెలో ఉండే మా దీనమ్మ పెద్దమ్మకు చూపు లేదు. చిన్నతనంలో పెద్ద జ్వరం వచ్చి, ఆ తర్వాత ఏడాది తిరిగేలోపు కళ్ళు పోయాయట. నాన్న తనలో తాను చెప్పుకున్నట్టు, "నా బళ్ళోనే, నా కాళ్ళ దగ్గరే కూచోబెట్టుకున్నాను" అన్నాడు. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

మర్నాడే అమ్మా నాన్నా నన్ను తీసుకుని పాసింజరులో తెనాలి వెళ్ళారు. కళ్ళ డాక్టరు గారు టార్చిలైటుతో చూసి, కళ్ళల్లో చుక్కల మందు వేసి, మందు పనిచేశాక మళ్ళీ చూస్తేగానీ ఏమీ చెప్పలేనన్నారు. మూడు రోజుల తర్వాత రమ్మన్నారు. నాన్న బడికి వెళ్ళాలి కాబట్టి మా ఊరు వెళ్ళిపోయాడు. అమ్మా నేనూ రేపల్లె బండెక్కి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాం.

ఆ మందుకి దగ్గరవి కూడా అలుక్కుపోయాయి. వెలుతురు గుచ్చుకునేది. పెద్దమ్మ వేపచెట్టు నీడలో మంచానికి నులక అల్లుతూ ఉండేది. ఆమె వేళ్ళు తాడును పట్టి లాగి, బిగించి, కిందనుంచి పైకి తీస్తుంటే సర్రుమని చప్పుడయ్యేది. నేను కళ్ళు మూసుకుని ఆమె పక్కన కూర్చునేదాన్ని. అమ్మ లోపల వంట చేస్తూ మధ్యమధ్య ఏడ్చేది. ముక్కు చీదిన చప్పుడు మా ఇద్దరికీ వినిపించేది.

"మీ అమ్మ దేనికే అంత కుంగిపోతోంది? నేను బతకట్లేదా?" అంది పెద్దమ్మ. తర్వాత, "మీ సముద్రం కాడ పిట్టలు వస్తాయంటగా. ఏమేం వస్తాయి?" అని అడిగింది.

పేర్లు చెప్పాను. పేర్లొద్దు, ఎట్టా అరుస్తాయో చెప్పమంది. ఉల్లంకి ఈల వేసి చూపించాను. నారాయణపక్షి అరుపు అరిచాను. పరజల రెక్కలకోసం తన పైటకొంగు పట్టుకుని విదిలించాను. పెద్దమ్మ అల్లడం ఆపి విన్నది. ఉల్లంకిని మళ్ళీ అనిపించుకుంది. తనూ ఈల వేయబోతే పళ్ళు లేని సందుల్లోంచి గాలి పోయి నవ్వొచ్చింది ఇద్దరికీ. నవ్వు తగ్గాక నా తల నిమిరి, "నీ కళ్ళు ఎట్టా ఉన్నా ఈ చెవుల్ని మాత్రం వదులుకోమాక" అంది. ఆ మాటతో నా భయం పూర్తిగా పోయిందని చెప్పను గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

మూడు రోజుల తర్వాత డాక్టరు గారు రకరకాల అద్దాలు నా ముక్కు మీద మార్చి మార్చి పెట్టి, గోడ మీది అక్షరాలు చదివించి, చివరికి అమ్మతో అన్నారు. "మీ అక్కగారి జబ్బు కాదమ్మా ఇది. పిల్లకి దూరపు చూపు తక్కువ, అంతే. అద్దాలు పెట్టుకుంటే అందరిలాగే చూస్తుంది." అమ్మ సరేనండి, సరేనండి అంటూ బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అద్దాలు తయారు కావడానికి ఇంకో వారం పట్టింది. ఈలోగా ఎండ చురుకెక్కింది. పరజలు వెళ్ళిపోయాయి. ఈ రోజుల్లో ఫ్లెమింగోలనే ఆ రాజహంసలు ఇంకా ఉన్నాయనీ, కానీ ఏ రోజైనా లేస్తాయనీ నాన్న చెప్పాడు. ఆ వారమంతా అన్నయ్య నన్ను లేపకుండానే చీకటితో లేచి వెళ్ళేవాడు. తర్వాత తెలిసింది, పల్లెపిల్లలు వాటి మీద రాళ్ళు విసరకుండా, కుక్కలు పర్రలోకి దిగకుండా వాడు గట్టు మీద కాపలా కాసేవాడట. ఎందుకురా అని పిల్లలు అడిగితే, "మా చెల్లి ఇంకా చూళ్ళేదు" అన్నాడట.

తెనాలిలో కాలవ పక్క కొట్లో, గోధుమరంగు గుండ్రటి అద్దాలు నా చెవులకు తగిలించారు. కాలవ అవతల గట్టున నడుస్తున్న మనిషికి మీసం ఉంది. తీగ మీది కాకికి ముక్కుంది. వేపచెట్టు ముద్ద కాదు, దానికి ఆకులున్నాయి, ఒక్కో ఆకూ విడివిడిగా కదులుతోంది. తిరిగి చూస్తే నాన్న చెంప మీద తెల్లవెంట్రుకలు. బండిలో ఇంటికి వస్తూ ఒక్క క్షణం కూడా కిటికీ వదల్లేదు నేను.

మర్నాడు పొద్దున్నే నలుగురం బయల్దేరాం. అమ్మ రావడం అదే మొదలు. దిబ్బ ఎక్కి పర్ర వైపు తిరిగితే అవి అక్కడే ఉన్నాయి. అన్నయ్య నా మొహమే చూస్తున్నాడు. పొడుగు కాళ్ళ మీద, మెడలు వంచి, తలలు తలకిందులుగా నీళ్ళలో పెట్టి నడుస్తున్నాయి. ఒకటి రెక్క విప్పితే లోపల కుంకుమ దాచుకున్నట్టు ఎర్రగా ఉంది. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. ఎవరూ కనిపించాయా అని అడగలేదు. నా మొహం చూస్తేనే తెలిసిపోయి ఉంటుంది.

ఇంటికొచ్చి చద్దన్నం ముందు కూర్చున్నాం. నాన్న అడిగాడు. అమ్మ, అన్నయ్య, నాన్న అందరూ రాజహంసలనే తెచ్చారు. నా వంతు వచ్చింది.

"ఉల్లంకి" అన్నాను.

"అది రోజూ తెచ్చేదేగా" అన్నాడు అన్నయ్య.

"రోజూ విన్నాను. ఇవాళే చూశాను. అంత గొంతున్నదానికి ఎంత చిన్న కాళ్ళో" అన్నాను.

నాన్న అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, ఇంకేమిటి, ఇంకేం చూశావు అని అడిగాడు. ఆ పూట నేను చెప్పడం అయ్యేసరికి బడి గంట కొట్టాల్సిన వేళ దాటిపోయింది.

ఆ రాజహంసలు రెండు రోజుల తర్వాత లేచిపోయాయి. ఆ తర్వాత కొన్నేళ్ళు వచ్చాయి, కొన్నేళ్ళు రాలేదు. డెబ్భైల చివర వచ్చిన ఉప్పెనకు దిబ్బలు చెదిరి పర్రలో సగం ఇసుక మేట వేసింది. మిగిలిన సగం తర్వాత రొయ్యల చెరువులైంది. పిట్టలు వాలకుండా ఆ చెరువుల మీద తీగలు లాగి, మెరిసే రిబ్బన్లు కట్టారు. నాన్న లేడు, అమ్మ లేదు, పెద్దమ్మ లేదు. సరుగుడు తోటలున్న చోట ఇప్పుడు రంగురంగుల కాటేజీలు.

నేనూ అన్నయ్యా మాత్రం ఏటా చలి తగ్గే రోజుల్లో ఒక వారం బాపట్లలో దిగి, రోజూ పొద్దున్నే వెళ్తాం. అన్నయ్యకు ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. చెరువుగట్టు మీద నిలబడి దూరాన తెల్లగా ఏదైనా కదిలితే నాకు చూపిస్తాడు, ఏదైనా వినిపిస్తే నేను వాడి చేతి మీద తడతాను. ఈ ఏడు ఆ వారం చివరి రోజున ఆకాశం వైపు చూస్తూ, "పరజలు పోతున్నాయా? ఏమన్నా వినపడుతోందా?" అని అడిగాడు.

నేను శ్రద్ధగా విన్నాను. సముద్రపు హోరు, చెరువుల్లో తిరిగే మోటార్ల చప్పుడు, ఎక్కడో ఒక బండి హారను.

"లేదన్నయ్యా" అన్నాను.

వాడు తలూపి, చేతికర్ర ఇసుకలో గుచ్చి, "ఇంకాసేపు ఉందాం" అన్నాడు.