నాలుగు గోడల శాంపిల్

మైపాడు ఒడ్డున నాది చేపల వేపుడు బండి. చిన్న ముక్క నోట్లో వేసుకుని రుచి చూస్తామంటే నేనెవరినీ కాదనను. చేపంతా తిని, మూతి తుడుచుకుని, "నచ్చితే మళ్లీ వస్తాం" అనేవాణ్ణి మాత్రం గరిటెతో కొట్టాలనిపిస్తుంది. షాహనాకు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి గరిటె మీదికే పోతుంది.

షాహనాది ఇందుకూరుపేట. పడవల మీద పేర్లు రాయడం, బొమ్మలు వేయడం వాళ్ల నాన్న సైదావలి దగ్గర నేర్చుకుంది. ఆయనకు చూపు తగ్గాక కుంచెలూ డబ్బాలూ స్కూటీకి కట్టుకుని ఒక్కతే తిరుగుతోంది. సముద్రంలో వేట నిషేధం ఉన్న రెండు నెలలే ఆమెకు సీజన్. పడవలన్నీ ఒడ్డున ఉండేది అప్పుడే. ఆ రెండు నెలల పనితోనే ఇల్లు ఏడాదంతా నడవాలి.

ఈసారి నిషేధం మొదలైన వారానికే, నా బండికి ఎదురుగా రిసార్టు కడుతున్న నరేంద్రబాబు ఆమెను పిలిపించాడు. పది గదులకు బొమ్మలట, నెల రోజుల పనట. ముందు శాంపిల్‌గా బయట ప్రహరీ గోడ ఒకటి వేసి చూపించమన్నాడు. గోడంటే ఇరవై అడుగులు! కూలి లేదు, రంగులు కూడా ఆమెవే. మూడు రోజులు ఎండలో మాడి చేపల గుంపును వేసింది.

"బాగుందమ్మా. పని దాదాపు నీకే. ఫోన్ చేస్తాం" అన్నాడు. ఆ మాట నమ్మి పిచ్చిది రెండు పడవల పని వదులుకుంది.

ఇరవై రోజులైనా ఫోన్ రాలేదు. ఆలోగా మిగతా మూడు గోడల మీద బొమ్మలు వేయడానికి వేరేవాళ్లు వచ్చిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. అందరినీ పనిలో పెట్టుకున్నాడనుకున్నాను. ఒక్కరినైనా పిలిచి అడగలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

ఆ రోజు షాహనా వచ్చి, రిసార్టు చుట్టూ ఒకసారి తిరిగి, నా బండి దగ్గర కూలబడింది.

"అక్కా, ఆ తెరచాప జడ్సన్ అన్న చెయ్యి. గూడబాతులు సుబ్బువి. వెనక కొబ్బరిచెట్లు జ్ఞానప్రకాశం వేసినాడు."

ముగ్గురికీ అక్కడినుంచే ఫోన్లు చేసింది. ముగ్గురిదీ ఒకటే కథ. శాంపిల్, ఫోన్ చేస్తాం. గేటుకు ఆదివారం ప్రారంభమని బ్యానర్ కట్టి ఉంది. లోపల గదులన్నిటికీ ఉత్త తెల్లరంగు కొట్టేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే నలుగురూ తెల్లరంగు డబ్బాలతో దిగారు. ఎవరి గోడ వాళ్లు పట్టుకున్నారు. నరేంద్రబాబు కారు దిగేసరికి చేపలన్నీ పోయాయి, ఒక్క తోక మిగిలింది.

"ఏంటమ్మా ఇది! శాంపిల్ చూడకుండా మీ పని ఎలా ఉంటుందో నాకెలా తెలుస్తుంది?"

షాహనా కుంచె ఆపలేదు.

"రోడ్డు దాటితే తెలుస్తాది సార్. ఆ వరసలో ఏడు పడవలకి నేనే రాసినాను. మూడేళ్లుగా ఉప్పునీళ్లలో తిరగతా ఉండాయి. రంగు పోయిందేమో తడిమి చూడండి. చెప్పిన రోజుకి ఇచ్చినానా లేదా అని పడవలోళ్లని అడగండి. అప్పటికీ నమ్మకం కుదరకపోతే జానెడు చెక్క మీద వేయించుకోని, ఆ రోజు కూలి చేతిలో పెట్టండి. అది చూసుకోవడం. మీరు చేసింది దోచుకోవడం!"

"ఆదివారం మంత్రిగారు వస్తున్నారు!" అని అరిచాడు.

ఆమె మిగిలిన తోక మీద కూడా తెల్లరంగు లాగి, డబ్బాకు మూత బిగించింది.

"ఈ తెల్లరంగుకి కూలి అడగను సార్. ఇది శాంపిల్. నచ్చితే ఫోన్ చెయ్యండి."