అమ్మ పేరు మీద డ్రోన్

మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా అమ్మ పేరు మీదే కొంటాం. నాన్న తన పేరు మీద కొన్న స్కూటర్ నెల తిరక్కుండానే దొంగల పాలైంది. ఆ తర్వాత అమ్మ పేరు మీద కొన్న కుట్టుమిషన్ ఇప్పటికీ భేషుగ్గా నడుస్తోంది. ఇంకేం, అమ్మ పేరు అచ్చొస్తుందని తేలిపోయింది. ఫ్రిజ్జు, మిక్సీ, ఆఖరికి గోడగడియారం రసీదు మీద కూడా ఆమె పేరే. నేను డ్రోన్ కొని ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసేటప్పుడు కూడా యజమాని అన్నచోట అలవాటుగా అమ్మ పేరే కొట్టాను. ఓటీపీ ఆమె ఫోన్‌కు వచ్చింది. వంటింట్లోంచే అంకెలు అరిచి చెప్పింది. దేనికని అడగలేదు, నేనూ చెప్పలేదు.

నేను సూరత్‌లోని పాండేసరలో, బట్టలకు రంగులద్దే ఒక మిల్లులో షేడ్లు సరిచూసే పని చేస్తాను. ఆరు రోజులూ ముక్కు నిండా రసాయనాల వాసనే. ఆదివారం పొద్దున డిండోలిలో మా ఇంటి వెనక ఖాళీ మైదానంలో డ్రోన్ ఎగరేస్తేనే నాకు ప్రాణం లేచొస్తుంది. సర్కారు ఇచ్చిన నంబరు దాని మీద అంటించాలి, అక్కడ ఎగరేయొచ్చో లేదో మ్యాప్‌లో చూసుకోవాలి, కంటిచూపు దాటనివ్వకూడదు. పిడికెడంత వస్తువుకు ఇన్ని లాంఛనాలా అని సణుక్కుంటూనే అన్నీ పాటించేదాన్ని.

ఒక ఆదివారం కానిస్టేబుల్ ఒకాయన బండాపి నంబరు చూశాడు, కాగితం అడిగాడు. దర్జాగా ఫోన్‌లో చూపించాను. నా ఆధార్ కూడా అడిగాడు. రెండు పేర్లూ కలవలేదు.

"అది మా అమ్మ పేరండీ," అన్నాను.

"అయితే ఆమెను పిలువు. ఆమె ఒప్పుకుంటే సరే, లేకపోతే ఇది పోలీసు చౌకీకి వస్తుంది."

గ్యాస్ బండవాడు గొంతు పెంచితేనే అమ్మ హడలిపోతుంది. పోలీసును చూస్తే "మాకొద్దు సార్, తీస్కపోండ్రి" అనేస్తుంది. నా ఆదివారాలకు ఇక నీళ్లొదులుకోవాల్సిందే. ఫోన్ చేశాను.

"ఏమైంది బిడ్డా? ఎవలకన్న ఆ డ్రోన్ తాకిందా?"

"లేదమ్మా. డ్రోన్ నీ పేరు మీదున్నది. పోలీసాయన నిన్నే రమ్మంటున్నడు, జర రా."

టక్కున ఫోన్ పెట్టేసింది.

అరగంటకు వచ్చింది. పెళ్లిళ్లకు కట్టే పట్టుచీర కట్టింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రేషన్ కార్డు, కరెంటు బిల్లు, తన ఆధార్. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాను.

కానిస్టేబుల్ హిందీలో మర్యాదగానే చెప్పాడు. "మాతాజీ, దీనికి యజమాని మీరు. ఎవరి మీద పడినా మేం వచ్చేది మీ దగ్గరికే. ఎగరేయమంటారా, వద్దంటారా? మీరే చెప్పాలి."

అమ్మ నా వైపు చూసింది. పద్దెనిమిదేళ్ల వయసులో సిరిసిల్ల నుంచి సూరత్‌కు తీసుకొచ్చినప్పుడు, వస్తావా అని ఆమెను ఎవరూ అడగలేదు. మిల్లులో దారం బాబిన్లు చుట్టే పనిలో పెట్టినప్పుడూ అడగలేదు. నేను మాత్రం అడిగానా? నిజంగా సిగ్గేసింది.

అమ్మ తొందరపడలేదు. కవరు చంకలో పెట్టుకుని, తీరిగ్గా డ్రోన్ చుట్టూ ఒకసారి తిరిగింది. ఎంత ఎత్తు పోతుంది, గాలికి కొట్టుకుపోతుందా, ఛార్జింగ్ అయిపోతే పడిపోతుందా అని వచ్చీరాని హిందీలో ఒక్కొక్కటే అడిగింది. కానిస్టేబుల్ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, తెలిసినంత వరకు అన్నింటికీ జవాబిచ్చాడు. ఆయన చెప్పిన ప్రతి మాటకూ అమ్మ తలాడించింది. అమ్మ మొహం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

చివరికి నా వైపు తిరిగింది.

"లేపు బిడ్డా," అంది. "నన్ను అడిగిండ్రు కదా, నేను చెప్తున్న."