జీపులో సవతి

ఎనభైల్లో మా ఆయన గద్వాలలో పోలీసు జీపు నడిపేవాడు. జీపులో వైర్‌లెస్ సెట్టు ఉండేది. రోడ్డు పక్క ఠాణా మీది పొడుగాటి ఇనుప స్తంభం నుంచి పిలుపు వస్తే, జీపు ఎక్కడున్నా అది గరగరమని పలికేది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు, ఆ గరగర వినబడాలని జీపును గుమ్మం ముందే ఆపేవాడు. మగ్గం మీద చీర నేస్తూ నేను ఎన్నిసార్లు పిలిచినా ఉలకడు, పలకడు. ఆ డబ్బా ఒక్కసారి పిలిస్తే మాత్రం చేతిలో ముద్ద వదిలేసి ఉరికేవాడు. "చెప్పుండ్రి సార్, ఓవర్" అంటూ ఎంత మెత్తటి గొంతో! ఆ గొంతుతో నన్ను ఎన్నడన్నా పలకరించాడా? నిజంగా సవతి ఉన్నా అంత కుళ్లుకునేదాన్ని కాదు.

ఒక వానాకాలం సాయంత్రం ఠాణా నుంచి కుర్ర కానిస్టేబుల్ ఒకడు వచ్చాడు.

"వదినా, జీపు మానవపాడు కాడ బురదల దిగబడ్డది. ఫికర్ చెయ్యకు. అన్న వైర్‌లెస్‌ల చెప్పిండు, తనకోసం సూడకుండ నిన్ను తిని పండుకొమ్మని."

పెళ్లయినప్పటి నుంచి తిన్నావా అని ఒక్కనాడూ అడగని మనిషి! సంతోషపడాల్సిందే. కానీ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి మళ్లీ మగ్గం ముందు కూర్చున్నాను. ఆ మాట కూడా నాకంటే ముందు ఆ డబ్బానే విన్నది.